హత్య సీరియల్లో పంచనామాకు పిలిచేదెవరిని?

సంపాదకులకు నమస్కారం.

టీవీల్లోనూ ఓటీటీల్లోనూ మర్డర్ మిస్టరీలు వరసపెట్టి వస్తున్నాయి. కర్నూలు, కడప, అనంతపురం ఊళ్ల పేర్లు పెట్టుకున్నవీ వాటిలో ఉన్నాయి. పత్రికల్లో వచ్చే సమీక్షలు మాత్రం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: హంతకుడెవరో ముందే తెలిసిపోయిందా, లేదా? శవం ఎవరిది, మొదటి అనుమానం ఎవరి మీదికి పోయింది, ఎవరి చేత మాట్లాడించారు, ఎవరిని వంటింట్లోనే ఉంచేశారు అని అడిగేవాళ్లు తక్కువ. హత్య కేసుల కాగితాలతో రోజూ పని ఉన్నవాళ్లం కాబట్టి మాకు ఒక సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. రచయితలు దర్యాప్తు పద్ధతిని ఎక్కడ ఎగరగొడుతున్నారో, సరిగ్గా అక్కడే కులమూ, ఆడవాళ్ల గతీ, ఊరి పెత్తనమూ కథలోంచి జారిపోతున్నాయి.

ఒక సీను తీసుకుందాం. కర్నూలు-కడప (కేసీ) కెనాల్ గట్టు మీద ఒక ఆడమనిషి శవం. జీపు ఆగుతుంది, ఎస్‌ఐ దిగుతాడు, దుప్పటి ఎత్తి చూస్తాడు, ‘ఇది ఆత్మహత్య కాదు, హత్య’ అంటాడు. మరుసటి సీన్లో పోస్టుమార్టం రిపోర్టు టేబుల్ మీద ఉంటుంది. మొత్తం ఇరవై సెకన్లు.

నిజంగా ఆ గట్టు మీద శవ పంచనామా జరగాలి. క్రిమినల్ కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 194వ సెక్షన్. పాత సీఆర్‌పీసీలో 174. చుట్టుపక్కల ఉండే ‘గౌరవనీయులైన’ ఇద్దరిని, లేదా అంతకన్నా ఎక్కువమందిని పిలిచి, వాళ్ల ఎదుట శవాన్ని పరీక్షించి, దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ ఆయుధంతో తగిలినట్టున్నాయి, చావుకు పైకి కనిపిస్తున్న కారణమేమిటి అని అక్కడికక్కడే రాసి సంతకాలు తీసుకోవాలి. శవం ఏ దిక్కుకు పడి ఉంది, ఒంటి మీద ఏ రంగు చీర, మెడలో నల్లపూసలున్నాయా, మెట్టెలు రెండు కాళ్లకూ ఉన్నాయా, చివరిసారి ప్రాణంతో చూసిందెవరు అన్నవన్నీ అందులోకి వస్తాయి. ఆ తర్వాతే శవం కానిస్టేబుల్ వెంట మార్చురీకి పోతుంది. కొట్టిందెవరు, ఎలా కొట్టారు అన్న వివరాలు పంచనామా పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 1975లోనే పెద్ద నారాయణ కేసులో చెప్పింది. అది మన రాష్ట్రం నుంచి పోయిన కేసే.

ఇప్పుడు ఆ ‘గౌరవనీయులైన’ అన్న మాట దగ్గర ఆగండి. చట్టం వాడిన మాట అది. మా కోర్టుల్లో వాళ్లను పంచాయతీదార్లంటారు. ఊళ్లో ఆ మాటకు ఎవరు సరిపోతారు? మాజీ సర్పంచి, వీఆర్‌వో, ఎరువుల అంగడాయన. శవాన్ని మొదట చూసిన గొర్రెల కాపరి పంచాయతీదారు కాడు. చచ్చిపోయిన ఆమెతో పొద్దున్నే కలుపు తీతకు పోయిన కూలీ అమ్మ అసలే కాదు. ఆడశవమైతే ఒంటి మీది దెబ్బలు చూడటానికి ఇద్దరాడవాళ్లు కావాలి కాబట్టి చాలాచోట్ల చీర అడ్డం పట్టి వాళ్ల చేత చూపిస్తారు. చూసింది వాళ్లు, సంతకం పెట్టింది మగాళ్లు. ఒక హత్య కథకు ఇంతకన్నా మంచి మొదటి సీను దొరుకుతుందా? వీపు మీద కమిలిన గీతలు చూసిన మనిషి ఒకరు, కాగితం మీద ‘గాయాలేవీ కనబడలేదు’ అని సంతకం చేసిన మనిషి ఇంకొకరు. ఎనిమిది ఎపిసోడ్ల కథ అక్కడే ఉంది. దాన్ని వదిలేసి ఎస్‌ఐ గాగుల్స్ మీద క్లోజప్ పెడతారు.

పెళ్లయి ఏడేళ్లు దాటని ఆడమనిషి అనుమానాస్పదంగా చనిపోతే పంచనామా పోలీసులతో అయిపోదు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేయాలి. మన దగ్గర అంటే తహసీల్దారు. ఆయన రావాలి, పుట్టింటి వాళ్లు వచ్చేదాకా ఆగాలి, తల్లినీ తండ్రినీ విడిగా అడగాలి. ఆ కాస్త సమయంలో ఏం జరుగుతుందో సీరియల్ రాసేవాళ్లకు తెలియదా? అత్తింటివైపు పెద్దమనుషులు చెట్టుకింద చేరతారు. బంగారం వెనక్కి ఇస్తామంటారు, పిల్లల పేరున రెండెకరాలు రాస్తామంటారు. సాయంత్రానికి ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాట తయారవుతుంది. ఆ మాట మీ పత్రిక జిల్లా పేజీలోనూ ఎన్నోసార్లు చూశాం. కడుపునొప్పికి ఇంతమంది కోడళ్లు చనిపోయే జిల్లాలు వైద్యశాస్త్రంలో ఇంకెక్కడా ఉండవేమో. ఏడేళ్లలోపు మరణం, దానికి కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించినట్టు సాక్ష్యం, ఈ రెండూ కలిస్తే ఆ చావుకు భర్త, అత్తింటివాళ్లే కారణమని కోర్టు భావించాల్సి ఉంటుంది. తాము కాదని చూపించుకోవాల్సిన బరువు వాళ్ల మీద పడుతుంది. అందుకే ఏడేళ్లు దాటాయా లేదా అన్నది రెండు వీధుల గొడవవుతుంది. పెళ్లిపత్రిక, ఫోటో వెనక స్టూడియో వాడు వేసిన తేదీ ముద్ర, కళ్యాణమంటపం రసీదు ఆధారాలవుతాయి. రక్తపు మరక కన్నా ఆ రసీదుకే ఎక్కువ విలువ.

చనిపోయింది దళితులో గిరిజనులో అయి, చంపింది ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లయితే కథ మళ్లీ మారాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నియమాల్లో ఏడోది చెప్పేదేమంటే, దర్యాప్తు అధికారి డీఎస్పీ స్థాయికి తక్కువ ఉండకూడదు, అరవై రోజుల్లో దర్యాప్తు ముగించాలి. హత్య కేసులో బాధిత కుటుంబానికి ఇచ్చే సాయం 2016 సవరణతో 8 లక్షల 25 వేలయింది. అందులో సగం పోస్టుమార్టం తర్వాత, మిగతా సగం ఛార్జిషీటు కోర్టుకు పోయినప్పుడు. ప్రేమించినందుకు దళిత కుర్రాణ్ని చంపారన్న కథను ఎస్‌ఐ ఒక్కడే ఆఖరి ఎపిసోడ్ దాకా లాక్కొస్తున్నాడంటే రెండే అర్థాలు: రచయితకు నియమం తెలియదు, లేదా ఆ కుర్రాడి కులం పేరు తెర మీద పలకడం ఇష్టం లేదు. రెండోదే నిజమని మా అనుమానం. ‘పేదవాడు’ అంటారు, ‘ఊరి చివర ఇల్లు’ అంటారు, ‘వాళ్లు వేరే’ అంటారు. పేరు పెట్టని కులానికి ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ పడదు. కుటుంబానికి ఆ సాయం కూడా రాదు.

ఇక సీమ కథ అనగానే ఫ్యాక్షన్. ఫ్యాక్షన్ లేదని మేం అనం. కానీ తెర మీద అది వేటకొడవళ్లు, నాటుబాంబులు, తెల్ల బండ్లు. కోర్టులో అది ఒక టైము. పోలీసులు ఎఫ్‌ఐఆర్ కాపీని వెంటనే మేజిస్ట్రేటుకు పంపాలి. అందగానే మేజిస్ట్రేటు దాని మీద తేదీ, గంట వేసి చిన్న సంతకం పెడతారు. డిఫెన్సు న్యాయవాది కేసుకట్ట విప్పగానే మొదట చూసేది ఆ మూలనున్న గంటనే. హత్య సాయంత్రం ఆరింటికి, స్టేషను నాలుగు కిలోమీటర్లు, ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటు ఇంటికి చేరింది మర్నాడు పదకొండింటికి అనుకోండి. మధ్యలో పదిహేడు గంటలున్నాయి. ఆ పదిహేడు గంటల్లో నిందితుల జాబితా ఆరు నుంచి ఇరవైకి పెరుగుతుంది. అవతలి ఇంట్లో చదువుకునే కొడుకు, బెంగుళూరులో ఉద్యోగం చేసే అల్లుడు, చక్రాల కుర్చీలోని ముసలాయన కూడా ‘కొడవళ్లు చేతబట్టి’ అందులో చేరతారు. ఇంత పెద్ద గుంపు కేసుల్లో ఒక్కో నిందితుడి గురించి ఇద్దరు ముగ్గురు సాక్షులైనా తేడా లేకుండా ఒకే మాట చెబుతున్నారా అని చూడాలని సుప్రీంకోర్టు 1964లో మసాల్టి కేసులో అన్నది ఇందుకే. కాబట్టి మా దగ్గర అసలు మిస్టరీ చంపిందెవరన్నది కాదు. ఊరందరికీ అది తెలుసు. ఆ ఇరవైమందిలో ఆ సాయంత్రం నిజంగా అక్కడున్నదెవరన్నది మిస్టరీ. పెద్దాయన పేరు లేకుండా జీతగాడి పేరు ఎందుకుందన్నది ఇంకో మిస్టరీ. ఇంతవరకు ఈ ప్రశ్న మీద నడిచిన సీరియల్ మా కంటబడలేదు.

ఆ తర్వాతి అంకం మరీ బాగుంటుంది. హత్య కేసును చట్టప్రకారం రాజీ చేసుకోవడానికి వీల్లేదు. కాబట్టి రాజీ బయట జరుగుతుంది, బోనులో దాని ఫలితం కనిపిస్తుంది. ‘నేను ఆ టయానికి చేనికాడ ఉంటి, ఏమీ చూడలేదు’ అంటాడు కళ్లెదుట అన్నను పోగొట్టుకున్నవాడు. వాణ్ని పిరికివాడిగా చూపించి వదిలేస్తే తేలిక. కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరపకోతకు సుగ్గికి, అంటే వలసకూలికి, పోతాయి. సమను వచ్చిన రోజు సాక్షి ఇంటికి తాళం ఉంటుంది. వాయిదాకు రావాలంటే రెండు రోజుల కూలి, బస్సుచార్జీ పోతాయి. అలా మూడు వాయిదాలు తిరిగాక ‘చూడలేదు’ అన్న మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది. అందులో భయమెంత, కూలి లెక్క ఎంత అని విడదీసి చూపగలిగిన రచయితకు మేం చప్పట్లు కొడతాం.

సీరియల్ క్లైమాక్సులో హంతకుడు ఇంటరాగేషన్ గదిలో నాలుగు దెబ్బలకు ఒప్పేసుకుంటాడు. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాల చట్టంలో 25, 26 సెక్షన్లు, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23. చెల్లేదల్లా, అతను చెప్పడం వల్ల కొత్తగా బయటపడ్డ వాస్తవం వరకే. దీని మీద దేశమంతా ఇప్పటికీ ఉదహరించే 1946 నాటి ప్రీవీ కౌన్సిల్ (తెల్లదొరల కాలంలో చివరి అప్పీలు కోర్టు) తీర్పు తెలుగు పల్లెలో పుట్టిన పులుకూరి కొట్టయ్య కేసు. ‘ఈటెను ఫలానా చోట దాచాను, చూపిస్తాను’ అన్నంతవరకు సాక్ష్యం. ‘దానితో పొడిచాను’ అన్నది కాదు. రెండు ముక్కలుగా కోసిన ఒక్క వాక్యం మీద ఎన్ని ప్రాణాలు నిలిచాయో! కొట్టి ఒప్పించడాన్ని తెగువగా చూపినప్పుడల్లా దెబ్బలు తినే పాత్ర ఎవరో లెక్కేయండి. ఎప్పుడూ పాలేరు, డ్రైవరు, తోటమాలి. ఇంటి యజమానికి కాఫీ ఇచ్చి అడుగుతారు. బలవంతంగా నార్కో పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో తేలిపోయినా ఆ ఇంజక్షను కూడా పేదవాడి చేతికే. ఆడవాళ్లను రాత్రిపూట స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టే సీన్లూ అంతే. సాక్షులుగా అడగాలంటే ఆడవాళ్లనూ, అరవై దాటిన మగవాళ్లనూ వాళ్ల ఇంటి దగ్గరే అడగాలని చట్టం. ఇంటి దగ్గర అడిగితే అత్త తలుపు చాటున నిలబడి వింటుంది. ఆ తలుపు తీయించాలా వద్దా అన్నది ఆ సీన్లో నాటకం. దాన్ని చేతులారా పారేసుకుంటున్నారు.

ఫోరెన్సిక్ విషయాలు చాలావరకు చిన్న తప్పులు కాబట్టి త్వరగా చెబుతాం. నెత్తుటి బట్టను తడిగా ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పట్టి పనికిరాకుండా పోతుంది. నీడన ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. గరుకైన కట్టె పిడి మీద వేలిముద్రలు దొరకడం గగనం, నున్నటి గాజు మీద దొరుకుతాయి. మే నెలలో చేనులో పడిన శవానికి మర్నాటికే పొత్తికడుపు కుడిపక్క పచ్చబారడం మొదలవుతుంది, మూడో రోజు దొరికిన శవం నిద్రపోతున్నట్టు ఉండదు. హత్య అనుమానమున్న శవానికి రాత్రిపూట పోస్టుమార్టం మామూలుగా చేయరు. 2021 నవంబరులో కేంద్రం సూర్యాస్తమయం తర్వాత అనుమతించినప్పుడు కూడా హత్య, ఆత్మహత్య, అత్యాచారం కేసులను, శాంతిభద్రతల అవసరం ఉంటే తప్ప, మినహాయించింది. పురుగులమందు గుక్కెడు తాగితే మనిషి పాటలో పల్లవి పూర్తయ్యేలోపు చనిపోడు. నోట నురగ, చెమట, గుండుసూది మొనంత కంటిపాపలు, గంటల తరబడి అవస్థ, ఆస్పత్రిలో అట్రోపిన్ ఇంజక్షన్లు. విసెరాను, అంటే విషపరీక్షకు తీసిన లోపలి అవయవాలను, ఉప్పు చిక్కగా కరిగించిన నీళ్లలో సీసాల్లో వేసి పంపుతారు: కడుపు, పేగు ముక్క ఒకదానిలో, అరకిలో కాలేయం, రెండు మూత్రపిండాల్లో సగం సగం ఇంకోదానిలో. ఆ ఉప్పునీళ్ల నమూనా కూడా వేరే సీసాలో పోవాలి. అది పోకపోతే, విషం ఉప్పునీళ్లలోనే ఉందేమో అని వాదించడానికి సందు దొరుకుతుంది. వేరుశనగ నష్టపోయిన రైతు ‘తాగాడా, తాగించారా’ అన్న కథకు ఆ ఉప్పునీళ్ల సీసా ఒక్కటి చాలు.

యాస గురించి కోపంగానే రాయాలి. డాక్టరు, ఎస్పీ, కలెక్టరు, హీరోయిను పుస్తకం తెలుగు మాట్లాడతారు. హంతకుడూ వంటమనిషీ మాత్రం సీమ యాస. అదైనా ఒక ఊరిదా అంటే కాదు. ‘వస్తున్నాను’ అన్నదానికి కడప వైపు ‘వచ్చాండా’, అనంతపురం వైపు ‘వస్తాండా’ అంటారు. మడకశిర పోతే మాట సగం కన్నడంలోకి ఒరుగుతుంది, ఆదోనిలో ఒకే అంగట్లో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ నడుస్తాయి. ఒకే ఇంట్లో అన్నతో కడప యాస, తమ్ముడితో కర్నూలు యాస పలికిస్తే మాకు అన్నదమ్ముల మీదే అనుమానం వస్తుంది. డబ్బింగ్ థియేటర్లో ఆ తాలూకా మనిషిని ఒక్కణ్ని కూర్చోబెట్టుకుంటే పోయేది ఒక పూట. భూగోళం కూడా అంతే. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక ధర్మవరం హత్యకు ఎస్పీ ఆఫీసు పుట్టపర్తి, ఆళ్లగడ్డ హత్యకు నంద్యాల. ఇప్పటికీ అందరూ అనంతపురానికీ కర్నూలుకూ ఫోన్లు కొడుతున్నారు.

పేర్ల సంగతి ఇంకా లోతైనది. గడ్డం, టోపీ, మెకానిక్ షెడ్డు చూపించి అనుమానం పుట్టించడం రచయితలకు అలవాటు. మా సీమలో పేరు చూసి మతం చెప్పడం అంత సులువు కాదు. గూగూడులో పీరుగా కొలిచే కుళ్లాయిస్వామికి మొక్కుకుని పుట్టిన హిందూ కుర్రాడు కుళ్లాయప్ప. హుసేనప్ప, మస్తానమ్మ, దస్తగిరి అన్న పేర్లు రెండు వైపులా ఉంటాయి. దూదేకుల ముస్లింల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వస్తారు, కడప పెద్ద దర్గాకు హిందువులు పోతారు. నోట్‌బుక్‌లో ‘కుళ్లాయప్ప’ అని రాసుకున్న కొత్త ఇన్‌స్పెక్టరు తప్పుదారి పట్టే కథ ఎంత బాగుంటుంది! పేరుతో పొరపాటుపడేది పాత్ర కావాలి, రచయిత కాకూడదు.

ఎరుకల, సుగాలి పాత్రల విషయంలో నొప్పి ఎక్కువ. తెల్లదొరల 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే కొన్ని కులాలను దొంగలన్నది. 1952లో అది పోయింది. అయినా సీరియల్లో దొంగతనంతో ముడిపడ్డ హత్య అంటే మొదటి దాడి తండా మీదే. తర్వాత ‘వీళ్లు కాదు’ అని తేల్చినా, తండాలో తలుపులు బద్దలుకొట్టిన సీను మూడు నిమిషాలు చూపించి, క్షమాపణ మూడు సెకన్లు కూడా ఇవ్వరు. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో సోదాలను వీడియో తీయాలన్న 105వ సెక్షన్ ఉంది. ఆ కెమెరాను కథలోకి తెస్తే దాడి సీనే వేరుగా వస్తుంది.

నిర్మాతల కష్టాలు తెలియక కాదు. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వద్దని కేబుల్ టీవీ నియమం. అంటే అరగంట స్లాటులో దక్కేది ఇరవైనాలుగు నిమిషాలు. రేటింగులు వారం వారం వస్తాయి, డైలాగు పేపరు సెట్టు మీదే తయారవుతుంది. కానీ పంచనామాకు లొకేషను ఖర్చు లేదు. ఒక చెట్టు, ఒక చాప, ఒక స్టేషను రైటరు, నలుగురు మనుషులు చాలు.

మీ టీవీ పేజీకి ఒక విన్నపం. సమీక్షలో నటన, ట్విస్టులతో పాటు పంచాయతీదార్లుగా ఎవరొచ్చారు, ఎవరిని కొట్టారు, ఎవరికి యాస పెట్టారు అని మూడు వాక్యాలు చేర్చండి. జిల్లా పేజీ వాళ్లతో కూడా ఒక మాట చెప్పండి: మొదటిరోజే ‘వివాహేతర సంబంధమే కారణమా?’ అన్న హెడింగు వద్దు. సీరియల్ రచయితలు కథలు ఏరుకునేది అక్కడే.

అభ్యంతరం ఉన్న ప్రేక్షకులకు దారి కూడా ఉంది. 2021 సవరించిన కేబుల్ నియమాల ప్రకారం ఫిర్యాదు ముందు చానల్‌కే పంపాలి. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే మరో 15 రోజుల్లోపు ఆ చానల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు పోవచ్చు, వాళ్లకు గడువు 60 రోజులు. ఓటీటీకి కూడా 2021 ఐటీ నియమాల్లో దాదాపు ఇలాంటి మెట్లే ఉన్నాయి. ‘మా సీమను కించపరిచారు’ అని రాసి పంపితే మర్యాదగా జవాబిచ్చి ఊరుకుంటారు. చానల్ పేరు, తేదీ, ప్రసార సమయం, ఎపిసోడ్ నంబరు, ఎన్నో నిమిషంలో ఏ పాత్ర ఏమన్నది అని ఉన్నదున్నట్టు రాయాలి, దాని కింద ఏ నియమానికి అది విరుద్ధమో ఒక్క వాక్యం రాయాలి. ఎపిసోడ్ యాప్‌లోంచి తీసేయకముందే ఆ నిమిషాన్ని ఫోన్లో రికార్డు చేసుకోవడం మరిచిపోవద్దు.

ఇట్లు,
కొందరు క్రిమినల్ న్యాయవాదులు,
కర్నూలు.